మానినవాళ్ల మధ్య ఒక గంట

తాగుడు మానినవారు, మానాలనుకునేవారు వారంలో ఒకటి రెండుసార్లు ఒక గదిలో కూర్చుని తమ అనుభవాలు ఒకరికొకరు చెప్పుకునే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఆ గదిలో వైద్యం చేసేవారు ఉండరు, ఉపదేశం చేసేవారు ఉండరు. ఒకవేళ ఓ డాక్టరు అక్కడ కూర్చుని ఉంటే, ఆయనా ఒకప్పుడు తాగి నష్టపోయిన మనిషిగానే కూర్చుంటాడు. రుసుము లేదు, దరఖాస్తు లేదు, ఆధార్ కార్డు అడగరు. అక్కడికి వచ్చేవారు దీన్ని మీటింగు అనే అంటారు.

ఇలాంటి ఏర్పాటు అవసరం ఎంత ఉందో ఒక లెక్క చెబుతుంది. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. పదేళ్ల నుంచి డెబ్బై అయిదేళ్ల మధ్య వయసువారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని, వారిలో 2 కోట్ల 90 లక్షల మంది దానికి పూర్తిగా బానిసలయ్యారని అది తేల్చింది. అలా బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స, సాయం అందుకున్నామని చెప్పినవారు 38 మందికి ఒక్కరు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరు. డాక్టర్లు, పడకలు ఎంత పెరిగినా ఈ దూరం ఒక్కరోజులో తీరేది కాదు. పైగా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మిగిలిన సాయంత్రాలన్నీ ఎలా గడపాలన్నది ఏ మందుల చీటీలోనూ ఉండదు.

ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఆక్రన్ అనే ఊళ్లో వచ్చింది. విలియం విల్సన్ న్యూయార్క్ షేర్ల వ్యాపారి. తాగుడు వల్ల అన్నీ పోగొట్టుకుని, 1934 డిసెంబరులో మానేశాడు. 1935 మే నెలలో వ్యాపారం పని మీద ఆక్రన్ వెళ్తే ఆ పని చెడింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒక పక్క బారు నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి, ఇంకో పక్క టెలిఫోను ఉంది. అతను ఫోను దగ్గరకు వెళ్లి, ఊళ్లోని చర్చిల జాబితా చూసి వరసగా పిలవడం మొదలుపెట్టాడు. అడిగిన సాయం విచిత్రమైనది. తనను కాపాడమని కాదు, మాట్లాడటానికి మరో తాగుబోతును చూపించమని. ఆ పిలుపులు చివరికి అతన్ని డాక్టర్ రాబర్ట్ స్మిత్ అనే సర్జను దగ్గరకు చేర్చాయి. పావుగంట కంటే ఎక్కువ కూర్చోనని ముందే చెప్పి వచ్చిన స్మిత్, ఆ ఆదివారం సాయంత్రం అయిదింటికి కూర్చుని రాత్రి పదకొండు దాటాక లేచాడు. తాగొద్దని స్మిత్‌కు అప్పటికే ఎందరో చెప్పారు. తాను ఎలా తాగాడో చెప్పిన మనిషి మాత్రం అతనికి అదే మొదటిసారి తగిలాడు. స్మిత్ ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిన రోజుగా లెక్కిస్తారు. సభ్యులు దాన్ని క్లుప్తంగా ఏఏ అంటారు.

తర్వాత వచ్చిన నియమాలు, పుస్తకాలు, మానేవారు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లు అన్నీ ఆ హోటల్ లాబీలో తోచిన సంగతి చుట్టూ అల్లుకున్నవే. చెప్పేవాడికి వినేవాడి అవసరం ఎంత ఉందో, వినేవాడికి చెప్పేవాడి అవసరమూ అంతే ఉంది. నెల రోజులుగా మానినవాడు నిన్న మానినవాడికి ధైర్యం చెబుతూ తన నెలను కాపాడుకుంటాడు. దీన్ని దానధర్మాల లెక్కలో చూసేవారికి మీటింగు సగమే అర్థమవుతుంది.

తాగేవారే కూడి మానుకోవడం అంతకుముందు లేనిదేం కాదు. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు కలిసి వాషింగ్టోనియన్లు అనే సంఘం పెట్టారు. కొన్నేళ్లలోనే అది లక్షలమందితో మానతామని ప్రమాణాలు చేయించింది. ఆ తర్వాత మద్యనిషేధ రాజకీయాలు, ఇతర వివాదాలు లోపలికి వచ్చాయి. పదేళ్లు తిరక్కుండానే సంఘం చెదిరిపోయింది. ఈ పాఠాన్ని ఏఏ గట్టిగా పట్టుకుంది. 1950లో ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల ప్రకారం బయటి వ్యవహారాల మీద సంస్థకు అభిప్రాయం ఉండదు. బయటివారి విరాళాలు తీసుకోరు. సభ్యుల పేర్లు పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో రాకూడదు. డబ్బు విషయంలో పట్టుదల మొదటి నుంచీ ఉన్నదేం కాదు. 1938లో యాభై వేల డాలర్లు ఆశించి కోటీశ్వరుడు జాన్ రాక్‌ఫెలర్ జూనియర్ దగ్గరకు వెళ్తే, డబ్బు ఈ పనిని పాడుచేస్తుందని ఆయన అయిదు వేలతో సరిపెట్టాడు. అప్పుడు చిన్నబుచ్చుకున్నవారే తర్వాత ఆయన అన్నది నిజమని ఒప్పుకున్నారు.

భారతదేశంలో ఏఏ 1957లో ముంబైలో మొదలైంది. తెలుగు నేల మీద తాగుడు గురించి పెద్ద మాట అనగానే గుర్తొచ్చేది మాత్రం వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో రాజుకున్న ఆ కోపం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే ఆ నిషేధం సడలింది. దుకాణం ఉండాలా వద్దా అన్నది ఆ ఉద్యమం వేసిన ప్రశ్న. వీధి మలుపులో దుకాణం తెరిచి ఉండగానే దాన్ని దాటి ఇంటికి పోవడం ఎలా అన్నది మీటింగులో మాట్లాడుకునే ప్రశ్న. రెండూ ఒకదానికొకటి పోటీ కావు. మొదటిదాని గురించి తెలుగులో పుస్తకాలే వచ్చాయి. రెండోదాని గురించి మాట్లాడటం తక్కువ.

మీటింగుకు వెళ్లే ముందు తెలియాల్సింది ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ తాగుతూ, పొద్దున్నే ఓ పెగ్గు పడితే గానీ చేతులు నిలవని మనిషి ఉన్నట్టుండి మానేయడం ప్రాణాపాయం. చివరిసారి తాగిన ఆరేడు గంటలకు వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండు మూడు రోజులు దాటాక మతి చలిస్తుంది. లేని మనుషులు కనబడతారు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది, ఉన్నచోటు తెలియదు, జ్వరం, గుండెదడ వస్తాయి. గాలి సోకిందని దిగదుడుపులతో కాలం గడిపితే మనిషి దక్కకపోవచ్చు. ఇది డాక్టర్లకు బాగా తెలిసిన స్థితి. మోతాదు తగ్గిస్తూ కొద్ది రోజులు ఇచ్చే మత్తు మాత్రలు, బీ1 విటమిన్‌తో చాలామంది బయటపడతారు. అందుకే మొదటి వారం ఆసుపత్రిది, ఆ తర్వాతి కాలం మీటింగుది అనుకోవడం మేలు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలలు, ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక విభాగాలు ఈ చికిత్స చేస్తాయి.

తెలంగాణలో కల్లు తాగేవారికి ఇంకో చిక్కు ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం వంటి మత్తుమందులు కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఫిట్స్‌తో, మతి తప్పి ఎర్రగడ్డకు వచ్చినవారు ఎందరో. కల్లే కదా, మద్యం కాదు కదా అనుకునేవారు కూడా డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

ఇంట్లోవాళ్లు తెలియకుండా కూరలో, మజ్జిగలో కలిపే ‘మందు మాన్పించే మందు’ గోడల మీద ప్రకటనల్లో కనిపిస్తూనే ఉంటుంది. డైసల్ఫిరాం అనే మాత్ర నిజంగా ఉంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం పోతుంది. వేసుకునేవాడికి తెలిసి, డాక్టరు పర్యవేక్షణలో అయితేనే అది చికిత్స. చాటుగా పెడితే విషప్రయోగం కిందే లెక్క.

మీటింగు ఎక్కడుందో కనుక్కోవడం ఒకప్పటంత కష్టం కాదు. హైదరాబాద్, సికింద్రాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో ఏఏ బృందాలు ఉన్నాయి. ఏ రోజు, ఏ వేళ, ఏ భాషలో అన్న జాబితా సంస్థ దగ్గర దొరుకుతుంది. ఫోను చేస్తే ఎత్తేది కూడా జీతం తీసుకునే ఉద్యోగి కాదు, మానిన మనిషే. మానసిక వైద్యులు, డీ-అడిక్షన్ కేంద్రాల్లోని సలహాదారులు దగ్గరి బృందం ఆచూకీ చెబుతారు. కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 నంబరు మత్తు వదిలించుకోవాలనుకునేవారి కోసమే ఉంది. మనసు బాధకు 14416 టెలిమానస్ ఉంది, అందులో తెలుగులో మాట్లాడవచ్చు. రెండూ ఉచితం.

వెతికేటప్పుడు మీటింగుకూ, డీ-అడిక్షన్ సెంటరు పేరుతో నడిచే వసతి గృహాలకూ తేడా గుర్తించాలి. సెంటర్లలో మంచివి ఉన్నాయి, తలుపులకు తాళాలు వేసి కొట్టేవీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వ్యసనం వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది, కాబట్టి రిజిస్ట్రేషను ఉందా అని అడగడం ఇంట్లోవాళ్ల హక్కు. మీటింగులో ఈ గొడవే లేదు. అక్కడ మనిషిని కట్టి ఉంచేవారు లేరు. నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు.

మీటింగులు రెండు రకాలు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు, భార్య, కొడుకు, డాక్టరు, విద్యార్థి కూడా. క్లోజ్డ్ మీటింగు మానాలన్న కోరిక ఉన్నవారికే. ఆ కోరిక తప్ప సభ్యత్వానికి ఇంకో అర్హత లేదు. మానేసి ఉండాలన్న షరతు కూడా లేదు. నిన్న రాత్రి తాగినవాడు ఇవాళ రావచ్చు. తాగి వస్తే చాలాచోట్ల కూర్చోనిస్తారు, మాట్లాడవద్దని మాత్రం అంటారు. చాలా బృందాలు చర్చి ఆవరణలోనో, మిషనరీ బడిలోనో చేరతాయి. అది చూసి ఇది మతం మార్చే వ్యవహారమని అనుమానించేవారు ఉన్నారు. అద్దె తక్కువకు సాయంత్రం వేళ గది ఇచ్చేవారు వాళ్లే కావడం దానికి అసలు కారణం. మొదట్లో ఏఏ ఒక క్రైస్తవ బృందం నీడలో పెరిగిన మాట నిజం, 1939 నాటికి దాని నుంచి పూర్తిగా విడిపోయింది.

గడప దాటడమే కష్టం. చాలామంది ఆ వీధిలోకి వచ్చి, గేటు దాకా నడిచి, ఫోను చూసుకుంటున్నట్టు నిలబడి, వెనక్కి తిరుగుతారు. తెలిసినవాడు ఎవడైనా లోపల ఉంటే పరువు పోతుందన్న భయం. లోపల ఉన్న తెలిసినవాడు కూడా అదే పని మీద వచ్చాడన్న సంగతి అప్పుడు తట్టదు. మొదటిసారి వచ్చేవారు ముందుగా ఫోను చేసి చెబితే, ఎవరో ఒకరు గేటు దగ్గర ఎదురుచూస్తారు. సమయానికి ఓ పది నిమిషాలు ముందు వెళ్లడం మంచిది. ఆ పది నిమిషాల్లో కుర్చీలు సర్దేవారి పక్కన నిలబడితే చాలు, పరిచయం దానంతట అదే జరిగిపోతుంది.

గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పన్నెండు మెట్లు, పన్నెండు సంప్రదాయాలు రాసిన రెండు తెరలు, టీ ఫ్లాస్కు, బిస్కట్లు ఉంటాయి. తెలుగు సభలకు అలవాటైన దండలు, శాలువాలు, వక్తల పరిచయాలు ఇక్కడ ఉండవు. అధ్యక్షత వరసగా ఒక్కొక్కరిదీ. కాసేపు మౌనం, చిన్న ప్రార్థన, సంస్థ గురించి నాలుగు వాక్యాలు చదవడంతో మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే తన పేరు, ఇంటిపేరు లేకుండా, చెప్పి తాను ఆల్కహాలిక్‌నని అంటారు. మిగిలినవారు ఆ పేరుతో పలకరిస్తారు. ఆ మాట అనడానికి నోరు రానివారు పేరు చెప్పి ఊరుకోవచ్చు. పేరు కూడా చెప్పకుండా వింటూ కూర్చోవచ్చు.

చెప్పుకోవడాన్ని షేరింగ్ అంటారు. అయిదు నుంచి పది నిమిషాలు ఒక మనిషి మాట్లాడతాడు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, అయ్యాక ఎవరూ తీర్పు చెప్పరు, నువ్వు ఇలా చేయాల్సింది అనరు. సలహా ఇవ్వకుండా ఒక మనిషి మాట పూర్తిగా వినడం ఇళ్లలో, ఆఫీసుల్లో అరుదు. తాగేవాడికి మరీ అరుదు, అతన్ని చూడగానే అందరికీ ఉపదేశం పుట్టుకొస్తుంది. కొత్తవారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది నవ్వు. క్వార్టరు సీసాను బియ్యం డబ్బాలో, స్కూటరు డిక్కీలో, దేవుడి పటం వెనక దాచిన కథలు చెబుతుంటే గదంతా నవ్వుతుంది. ఇంట్లో ఏడుపు తెప్పించిన సంగతే అక్కడ నవ్వు తెప్పిస్తుంది, ఎందుకంటే ఆ డబ్బా అందరి ఇళ్లలోనూ ఉంది. అన్ని షేరింగులూ రక్తి కట్టవు. చెప్పిందే చెప్పేవారు, గతంలో తాగిన తాగుడును గొప్పగా వర్ణించేవారు ఉంటారు. ఒక బృందం నచ్చకపోతే ఇంకో బృందానికి వెళ్లమని పాతవారే చెబుతారు. కనీసం ఆరు మీటింగులు చూడకుండా నిర్ణయానికి రావద్దనీ అంటారు.

గంటో గంటన్నరో అయ్యేలోపు ఒక సంచో పళ్లెమో చేతులు మారుతుంది. పదో పరకో వేసేవారు వేస్తారు, గది అద్దె, టీ ఖర్చు అందులోంచే. కొత్తవారు వేయాల్సిన పని లేదు. మానేసి ఏడాది నిండినవారు ఉంటే ఆ రోజు వారికి పుట్టినరోజే, కేకు కోస్తారు, బిళ్ల ఇస్తారు. యాభై ఏళ్ల మనిషి తనకు రెండో ఏడు నిండిందని చెప్పుకోవడం అక్కడ మామూలు.

మొదటి మూడు నెలలు రోజుకొక మీటింగు చొప్పున తొంభై రోజుల్లో తొంభై మీటింగులకు వెళ్లాలన్నది పాతవారి మాట. ఊళ్లో అన్ని మీటింగులు లేకపోతే ఫోనులో, ఆన్‌లైన్‌లో కలుస్తారు. కొద్ది వారాల తర్వాత స్పాన్సరును ఎంచుకుంటారు. అంటే, మానేసి కొన్నేళ్లయిన ఒక సభ్యుడు, సాధారణంగా మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు. రాత్రి పదకొండింటికి తాగాలనిపిస్తే ఫోను చేయాల్సింది అతనికే. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉందో చూసుకోమని అతను మొదట అడుగుతాడు. జీవితాంతం మానతానని ఒట్టు వేయించడు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమంటాడు. పిల్లల తల మీద చేయి పెట్టి, తిరుమలలో, శబరిమలలో వేసిన ఒట్లు ఎన్ని నిలిచాయో అందరికీ తెలిసిందే. దీక్ష నలభై ఒక్క రోజులు నిష్ఠగా ఉండి, మాల తీసిన సాయంత్రమే సీసా తెరిచినవారు ప్రతి ఊళ్లో కనిపిస్తారు.

స్పాన్సరుతో కలిసి చేసే పని పన్నెండు మెట్లు. తాగుడు ముందు తన బలం చాలదని ఒప్పుకోవడం మొదటిది. నాలుగోది తన తప్పొప్పుల చిట్టా తానే రాసుకోవడం. ఎనిమిది, తొమ్మిది మెట్లలో తన వల్ల నష్టపోయినవారి జాబితా రాసి, వారికి ఇంకా హాని జరగనంత వరకు ఆ నష్టం సరిదిద్దుతారు. పన్నెండోది మరో తాగేవాడికి ఈ కబురు అందించడం. అది ఆక్రన్‌లో జరిగిన ఫోను పిలుపే. మధ్యలో మళ్లీ తాగినవారిని వెలివేయరు. తిరిగి వచ్చి కూర్చుంటే లెక్క ఒకటో రోజు నుంచి మొదలు.

దేవుడి ప్రస్తావన చాలామందికి అడ్డు తగులుతుంది. మెట్లలో తనకంటే గొప్ప శక్తి అని, ఎవరికి తెలిసిన రీతిలో వారు అనుకునే దేవుడు అని ఉంటుంది. నాస్తికులు కొందరు ఆ శక్తి అంటే తమ బృందమే అనుకుని కొనసాగుతారు. అది కుదరనివారికి 1994లో అమెరికాలో మొదలైన స్మార్ట్ రికవరీ వంటివి ఉన్నాయి. అందులో దేవుడు, బలహీనత మాటలు ఉండవు. ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే సాధన ఉంటుంది. తెలుగు ప్రాంతాల్లో ఎదురుగా కూర్చునే అలాంటి మీటింగు దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో ఇంగ్లిషులో దొరుకుతాయి.

ఇదంతా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు 2020లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష చాలావరకు జవాబిచ్చింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. రోగిని పద్ధతిగా ఏఏ వైపు నడిపించే చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు నూటికి 42 మంది, ఇతర మానసిక చికిత్సలు పొందినవారిలో 35 మంది. తేడా పెద్దదేం కాదు, కానీ ఉచితంగా నడిచే ఒక గదికి అది చిన్న సంగతీ కాదు. నూటికి 58 మందికి ఆ లెక్కలో ఫలితం అందలేదన్నదీ అంతే నిజం. వారికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు, ఇతర చికిత్సలు ఉన్నాయి, వాటితో పాటు మీటింగుకూ రావచ్చు. మాత్రలు వేసుకుంటే నిజంగా మానినట్టు కాదనే సభ్యుడు అక్కడక్కడా తగులుతాడు. అది అతని సొంత అభిప్రాయం, సంస్థది కాదు. డాక్టరు రాసిన మందు ఆ మాట విని ఆపకూడదు.

ఆడవారి సంగతి వేరు. తాగే మగవాడికి ఊరు పేరు పెడుతుంది, తాగే ఆడదానికి పేరే లేకుండా చేస్తుంది. అందుకే వారు రావడం తక్కువ, వచ్చినా మగవారితో నిండిన గదిలో నోరు విప్పడం ఇంకా తక్కువ. ఆడవారికే ప్రత్యేకించిన మీటింగులు, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో, ఈ కొరత కొంత తీరుస్తున్నాయి. భార్యలకు, తల్లులకు వేరే సంస్థ ఉంది, పేరు ఆల్-అనాన్. విల్సన్ భార్య లోయిస్ 1951లో దాన్ని మరొకరితో కలిసి ప్రారంభించింది. మొగుణ్ని మాన్పించే ఉపాయం అక్కడ చెప్పరు. అతని తాగుడుకు కారణం తాను కాదని, దాన్ని తాను అదుపు చేయలేనని తెలుసుకున్న ఆడవాళ్లు తమ బతుకు గురించి మాట్లాడుకుంటారు. అతను మానినా మానకున్నా వెళ్లవచ్చు.

మీటింగు లేని ఊళ్లే ఎక్కువ. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, ఊరి వారిని ఊళ్లోనే ఉంచి, ఊరి పెద్దల తోడ్పాటుతో శిబిరాలు నడిపి ఒక దారి చూపింది. విదేశాల్లో ఉన్న తెలుగువారికి అక్కడి మీటింగులు ఇంగ్లిషులో దొరుకుతాయి. అమ్మ గురించి, ఊరి గురించి ఇంగ్లిషులో చెప్పలేనివారు ఆన్‌లైన్‌లో ఇక్కడి బృందంలో కలవవచ్చు, ఇక్కడి సాయంత్రం మీటింగు అమెరికాలో ఉదయం కాఫీ వేళకు వస్తుంది. ఇవేవీ అందని ఊళ్లో కొత్త బృందం మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మానాలనుకునేవారు ఇద్దరు ముగ్గురు, వారానికి ఒక గంట తాళం చెవి ఇచ్చే గది, నాలుగు కుర్చీలు ఉంటే చాలు. దగ్గరి పట్టణంలోని పాత బృందం నుంచి ఒకరిద్దరు మొదటి కొన్ని వారాలు బస్సెక్కి వచ్చి కూర్చుంటారు. ఆ తర్వాత టీ ఎవరు పెట్టాలో, గది ఎవరు తెరవాలో ఆ ఊరివారే వంతులు వేసుకుంటారు.